పాత ఉక్కు, కొత్త ఉక్కు: సంప్రదాయ హాట్ రాడ్ల కొరత, ప్రామాణికతలపై ఒక సమీక్ష

చిక్కుముడి ఎక్కడ

కర్మాగారం నుంచి వచ్చిన మామూలు కారు బరువు తగ్గించి, ఇంజన్ శక్తి పెంచి, వేగం కోసమే మలచుకున్న అమెరికన్ వాహనాన్ని హాట్ రాడ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు దక్షిణ కాలిఫోర్నియాలో రూపుదిద్దుకున్న ఈ సంప్రదాయానికి 1920ల చివర్లోనూ 1930ల మొదట్లోనూ తయారైన ఫోర్డ్ కార్లే ముడిసరుకు. వాటిని విప్పి, కోసి, అతికి, మళ్లీ బిగించినవారిలో చాలామంది ఇరవై ఏళ్లు నిండీ నిండని యువకులు. చేతిలో డబ్బు లేక పాత కారుతో సరిపెట్టుకున్న ఆ యువకుల చేతిపని ఇవాళ మ్యూజియంలకు ఎక్కి, వేలంపాటల్లో లక్షల డాలర్లు పలుకుతుండడంతో, ఏ కారు ఆ సంప్రదాయానికి చెందినది, ఏది దాని నకలు అన్న వాదన ముప్పై ఏళ్లుగా ముదురుతూ వస్తోంది.

పాత వస్తువుల ప్రపంచంలో ప్రామాణికత అంటే సాధారణంగా తయారీదారు ఇచ్చిన రూపానికి ఆ వస్తువు ఎంత దగ్గరగా నిలిచిందన్న కొలత. ఆ కొలతతో చూస్తే ప్రతి హాట్ రాడ్డూ చెడగొట్టిన ఫోర్డ్ కారే అవుతుంది. కనుక ఈ రంగంలో ప్రామాణికతకు వేరే ఆధారం వెతుక్కోవలసి వచ్చింది: పాత రేకు, పాత పద్ధతి, పాత స్ఫూర్తి అని ఒక్కో వర్గం ఒక్కోదాన్ని పట్టుకుంది. కొరత గురించిన మాటా ఇలాగే చీలిపోయింది. పాత ఉక్కు దొరకడం లేదనేవారూ, చరిత్ర రుజువైన కార్లు దొరకడం లేదనేవారూ ఒకే మాట వాడుతున్నా చెబుతున్నది ఒకే సంగతి కాదు. మొదటి కొరతను పరిశ్రమ చాలావరకు తీర్చింది, రెండోదాన్ని ఎవరూ తీర్చలేరు. ఈ రెంటినీ కలిపి మాట్లాడడం వల్లనే వివాదంలో సగం పుట్టుకొచ్చిందన్నది ఈ సమీక్ష అభిప్రాయం.

ఎండు సరస్సుల నాటి నేపథ్యం

లాస్ ఏంజిలిస్ కొండల అవతల మొహావే ఎడారిలోని మ్యూరాక్, ఎల్ మిరాజ్, హార్పర్ వంటి ఎండు సరస్సులు వేసవిలో బల్లపరుపుగా గట్టిపడి, మైళ్ల పొడవునా అడ్డులేని పరుగుకు వీలిచ్చేవి. అక్కడ గుంపులుగా చేరి పందేలు వేసుకుంటున్న క్లబ్బులు 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడి, పరుగుకు కాలమానం, వర్గీకరణ, రికార్డు అనేవి సమకూర్చాయి. ఈ రికార్డుల ప్రస్తావన వ్యాసంలో మళ్లీ వస్తుంది. ఎందుకంటే ఫలానా కారు ఫలానా రోజున ఫలానా వేగంతో పరుగెత్తిందని చెప్పే ఆ కాగితాలే తరువాతి కాలంలో కారు చరిత్రకు మొదటి సాక్ష్యాలయ్యాయి.

1932 మార్చి చివర ఫోర్డ్ సంస్థ సామాన్యుడికి అందే ధరలో తొలి వి-8 ఇంజన్‌ను విడుదల చేసింది. 221 క్యూబిక్ అంగుళాల పరిమాణంతో, 65 హార్స్‌పవర్ శక్తితో వచ్చిన ఈ ఇంజన్‌లో కవాటాలు సిలిండర్ల పక్కనే దిమ్మలో అమరి ఉండడం వల్ల పైనున్న హెడ్ కేవలం ఒక చదునైన మూతలా ఉండేది. అందుకే దీన్ని ఫ్లాట్‌హెడ్ అన్నారు. దీని శక్తి పెంచడానికి కావలసిన సామగ్రి చుట్టూ ఒక చిన్న పరిశ్రమే పుట్టింది: విక్ ఎడెల్‌బ్రాక్ మానిఫోల్డులు, ఎడ్ ఇస్కెండెరియన్ క్యామ్ షాఫ్టులు, స్టూ హిల్‌బోర్న్ ఇంధన ఇంజెక్షన్ పరికరాలు, టెడ్ హాలిబ్రాండ్ మెగ్నీషియం చక్రాలు ఆ తరం వర్క్‌షాపుల్లో తయారైనవే.

1942 ఫిబ్రవరిలో పౌర కార్ల తయారీ నిలిచిపోయి, ఎండు సరస్సుల పందేలు కూడా ఆగిపోయాయి. యుద్ధం ముగిశాక సైన్యంలో యంత్రవిద్య నేర్చిన యువకులు తిరిగివచ్చేసరికి ఈ వ్యాపకం ఊపందుకుంది. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ ‘హాట్ రాడ్’ పత్రికను ప్రారంభించాడు. 1949లో యూటా రాష్ట్రంలోని బోనవిల్ ఉప్పు మైదానంలో వేగ వారోత్సవం మొదలైంది. 1950లో ఓక్లండ్ ప్రదర్శనలో అమెరికాలోకెల్లా అందమైన రోడ్‌స్టర్‌కు బహుమతి ఇవ్వసాగారు. 1951లో వాలీ పార్క్స్ నాయకత్వాన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ ఏర్పడింది. 1955లో షెవ్రొలే చిన్న దిమ్మ వి-8 ఇంజన్ వచ్చాక ఫ్లాట్‌హెడ్ ఆధిక్యం చెల్లిపోయింది. 1960ల మధ్యకు పెద్ద కంపెనీలే వేగవంతమైన కార్లను షోరూముల్లో అమ్మడం మొదలుపెట్టడంతో, వేగం కోసం పాత ఫోర్డ్‌ను కోయవలసిన అవసరమే లేకుండా పోయింది. పాత కారు అక్కడి నుంచి ఇష్టం కోసం ఉంచుకునే వస్తువైంది.

ఆ ఇష్టం రెండు అంచెల్లో రూపం మార్చుకుంది. 1970లో ఇలినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో జరిగిన తొలి స్ట్రీట్ రాడ్ జాతీయ సమావేశం నుంచి 1990ల దాకా సౌకర్యమే ప్రధానమై, ఏసీలు, ఆటోమేటిక్ గేర్లు, రెజిన్‌తో పోతపోసిన ఫైబర్‌గ్లాస్ బాడీలు, గట్టి అల్యూమినియం దిమ్మెల నుంచి చెక్కిన నున్నని భాగాలు రాజ్యమేలాయి. 1990ల మధ్యలో దీనికి ఎదురుగాలి లేచింది. యుద్ధానంతర కాలపు ఫొటోలు చూసి పెరిగిన యువతరం ఆ నునుపును కాదని నల్లటి ప్రైమర్ పూత, ఉక్కు చక్రాలు, ఫ్లాట్‌హెడ్ ఇంజన్‌లకు తిరిగివెళ్లింది. సంప్రదాయ హాట్ రాడ్ అనే మాటకు నేడున్న బరువు ఈ పునరుజ్జీవన కాలంలోనే వచ్చింది. సంప్రదాయం నిరాటంకంగా సాగుతున్నంతకాలం దానికి ఆ పేరు పెట్టవలసిన పని ఎవరికీ పడదు కదా.

రేకు కరవు ఎలా వచ్చింది

పైకి చూస్తే కొరత అన్న మాటే వింతగా ఉంటుంది. 1908, 1927 సంవత్సరాల మధ్య ఫోర్డ్ మోడల్ టి కోటిన్నరకు పైగా తయారైంది. దాని తరువాత వచ్చిన మోడల్ ఎ నాలుగేళ్లలో 48 లక్షలు దాటింది. అయితే హాట్ రాడ్ కట్టేవారికి ఏ ఫోర్డ్ అయినా సరిపోయేది కాదు. వారికి కావలసినది రోడ్‌స్టర్, అంటే పక్క అద్దాలు లేకుండా, మడిచే గుడ్డ కప్పుతో వచ్చే తేలికైన రెండు సీట్ల కారు. సదరన్ కాలిఫోర్నియా సంఘం తొలి సంవత్సరాల్లో గట్టి కప్పున్న కూపేలను పందేలకు అనుమతించలేదు; వాటికి రస్సెట్టా టైమింగ్ అసోసియేషన్ వేదికైంది. ఎండు సరస్సుల వద్ద గౌరవం రోడ్‌స్టర్‌కే దక్కగా, ఎండకూ వానకూ ఆగే మూత కార్లనే సాధారణ కొనుగోలుదారు కోరుకుంటున్న కాలమది. దాంతో కంపెనీ తయారుచేసిన వాటిలో రోడ్‌స్టర్ల వాటా కొద్దిగానే ఉండేది.

1932 నమూనా విషయంలో ఈ ఇరుకు మరీ ఎక్కువ. మాంద్యం అడుగంటిన ఏడాది కావడంతో ఉత్పత్తి మోడల్ ఎ నాటి స్థాయి నుంచి బాగా పడిపోయింది. పైగా ఆ ఏడాది ఫ్రేమ్ పట్టీలు బాడీ కింద దాగకుండా బయటికి కనబడుతూ, వాటి మీద పొడవునా ఒక అచ్చు గీతతో వచ్చాయి. ఆ పట్టీలు ముందూ లేవు, వెనకా లేవు. మోడల్ ఎ రోడ్‌స్టర్ బాడీని 1932 ఫ్రేమ్ మీద కూర్చోబెట్టడం మేలైన పద్ధతిగా స్థిరపడడంతో, ఒకే ఏడాది తయారైన ఫ్రేములకు రెండు రకాల కార్ల గిరాకీ తోడైంది.

నష్టం నలుదిక్కులా జరిగింది. యుద్ధకాలంలో తుక్కు సేకరణ ఉద్యమాలు వేల కార్లను కొలిమికి పంపాయి. 1950లలో ఊరూరా జరిగిన మట్టి ట్రాకు పందేల్లో 1930ల నాటి ఫోర్డ్ కూపేలే బలిపశువులయ్యాయి. మంచు కురిసే రాష్ట్రాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు మిగిలిన వాటి అడుగు రేకులను తినేసింది. హాట్ రాడ్ కట్టినవారి పాత్ర కూడా తక్కువేమీ కాదు: బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు, బానెట్లు, పాదపలకలు ఊడదీసి అవతల పారేశారు, ఒక కారు కట్టడానికి మూడు నాలుగు కార్లు విప్పారు. 1963లో ఏర్పడిన ఎర్లీ ఫోర్డ్ వి-8 క్లబ్ వంటి సంస్థల్లోని పునరుద్ధరణవాదులు, అంటే కారును కంపెనీ రూపానికే తిరిగి తేవాలనేవారు, హాట్ రాడ్ వర్గం మీద చేసే ప్రధాన ఫిర్యాదు ఇదే. ఆ ఫిర్యాదులో నిజముంది. అయితే హాట్ రాడ్ కింద కోయడానికి పనికొస్తుందని ఎవరో కొని షెడ్డులో దాచకపోయి ఉంటే అందులో చాలా బాడీలు తుక్కు కింద పోయేవన్నదీ అంతే నిజం, ఈ రెండో సంగతిని పునరుద్ధరణవాదులు ఒప్పుకోవడం అరుదు.

ఈ కరవును పరిశ్రమ మూడు విధాలుగా తీర్చింది. మొదట 1950ల చివర్లో ఫైబర్‌గ్లాస్ మోడల్ టి బాడీలు వచ్చాయి. తరువాత 1932 ఫ్రేమ్ పట్టీలను అచ్చు గీతతో సహా కొత్తగా ముద్రించి అమ్మడం మొదలైంది. ఆపైన ఒహాయోలోని బ్రూక్‌విల్ సంస్థ మోడల్ ఎ, 1932 రోడ్‌స్టర్ బాడీలను పూర్తిగా ఉక్కు రేకుతోనే కొత్తగా తయారుచేసింది. ఇవాళ డబ్బుంటే ఒక్క పాత రేకు ముక్కైనా లేకుండా 1932 రోడ్‌స్టర్‌ను కట్టవచ్చు. ఫోర్డ్ తయారుచేసిన వాటికంటే రోడ్ల మీద తిరుగుతున్న 1932 రోడ్‌స్టర్లే ఎక్కువని ఆ వర్గంలో ఒక పాత పరిహాసం ఉంది. ఇంత సరఫరా తరువాత కూడా ‘హెన్రీ ఉక్కు’, అంటే హెన్రీ ఫోర్డ్ హయాంలో ముద్రించిన అసలు రేకు, అధిక ధర పలుకుతూనే ఉందంటే కొనేవాడు కేవలం ఆకారానికి డబ్బు ఇవ్వడం లేదని స్పష్టం.

ఇంజన్ దిమ్మ సంగతి

బాడీల కంటే ఇంజన్ల కొరత మొండిది, దానికి కారణం ఫ్లాట్‌హెడ్ నిర్మాణంలోనే ఉంది. ఈ ఇంజన్‌లో మండిన వాయువు బయటికి పోయే దారులు సిలిండర్ల మధ్యగా, దిమ్మలోని నీటి అరలను ఒరుసుకుంటూ సాగుతాయి. ఆ వేడి అంతా చల్లబరిచే నీటికి చేరడంతో ఇంజన్ తేలికగా కాగిపోతుంది. కాగి చల్లారి, చల్లారి కాగిన పోత ఇనుము ఏళ్లు గడిచేకొద్దీ కవాటం పీట నుంచి సిలిండర్ గోడ వైపు సన్నగా బీటలిస్తుంది. కంటికి కనబడని ఈ బీటలను పట్టుకోవడానికి మెషిన్ షాపులో దిమ్మను మొత్తం కడిగి, అయస్కాంతీకరించి, ఇనుప పొడి చల్లి చూస్తారు. పొడి గీతలా పేరుకున్న చోట బీట ఉన్నట్టు. పది దిమ్మలు సేకరించినవాడికి బీటలేనిది ఒకటి దొరికినా అదృష్టమేనని ఆ వృత్తిలోనివారు చెప్పుకునే మాటలో అతిశయోక్తి ఉండవచ్చు గాని, అబద్ధం లేదు.

అమెరికాలో కార్లకు ఈ ఇంజన్ తయారీ 1953తో ముగిసింది. ఫ్రాన్స్‌లో మాత్రం ఇదే కుటుంబానికి చెందిన ఇంజన్ సైనిక ట్రక్కులలో చాలాకాలం కొనసాగింది. ఆ సైన్యం వదిలించుకున్న మిగులు దిమ్మలు పెట్టెల్లో అమెరికాకు చేరి అక్కడి హాట్ రాడ్లలో బిగిశాయి. కాలిఫోర్నియా సంప్రదాయపు గుండెకాయ ఫ్రెంచి పోత కార్ఖానా నుంచి రావడంలోని విడ్డూరాన్ని నిష్ఠాపరులు చూసీ చూడనట్టు వదిలేశారు. 1930ల ఫోర్డ్ కార్లకు వచ్చిన స్ట్రాంబర్గ్ 97 కార్బ్యురేటర్లను ఇంగ్లండ్‌లోని ఒక సంస్థ కొత్తగా తయారుచేస్తోంది. ఎడెల్‌బ్రాక్ హెడ్లు, మానిఫోల్డులు మళ్లీ పోతపోశారు. ఇక 1939లో ఫోర్డ్ తొలిసారి ఇచ్చిన హైడ్రాలిక్ బ్రేకులు, ఆ ఏటి గేర్‌బాక్సు, లింకన్ జెఫిర్ గేర్లు, స్టూవర్ట్ వార్నర్ మీటర్లు, కన్నీటి చుక్క ఆకారపు వెనక దీపాలు వంటివి పాత సామాను సంతల్లో చేతులు మారుతూనే ఉన్నాయి. గిరాకీ అమెరికాకే పరిమితమూ కాదు: స్వీడన్ వేసవి సమావేశాలకూ, 1992 నుంచి జపాన్‌లోని యొకొహామాలో జరుగుతున్న హాట్ రాడ్ ప్రదర్శనకూ అమెరికా నుంచి కార్లూ విడిభాగాలూ తరలుతూనే ఉన్నాయి.

వాదాలు, వాటి బలాబలాలు

మొదటి వాదాన్ని చరిత్రవాదం అనవచ్చు. దీని ప్రకారం ఏ కారైనా ఆ కాలంలోనే, ఆ కాలపు చేతులతోనే హాట్ రాడ్‌గా మారి ఉండాలి. తరువాత కట్టినది ఎంత చక్కనిదైనా అనుకరణే. 1997లో పెబుల్ బీచ్ ప్రదర్శన, అంటే అప్పటిదాకా యూరప్, అమెరికాల విలాస కార్లకే పట్టం కట్టిన వేదిక, చారిత్రక హాట్ రాడ్లకు ఒక తరగతి తెరిచి, డోన్ స్పెన్సర్ కట్టిన 1932 రోడ్‌స్టర్‌కు మొదటి బహుమతి ఇవ్వడం ఈ వాదానికి పెద్ద బలమైంది. 2007లో ఆ నమూనా 75వ ఏట అత్యంత ప్రాముఖ్యం గల 75 హాట్ రాడ్లను ఎంపిక చేసి ఒకచోట ప్రదర్శించడంతో ఈ వర్గానికి ఒక ప్రామాణిక జాబితా కూడా ఏర్పడింది. ఇక్కడ విలువంతా దాఖలాదే: నాటి పత్రిక ముఖచిత్రం, పందెం కాగితాలు, చేతులు మారిన క్రమం, మొదటి యజమాని ఇంటి ఆల్బమ్. హాట్ రాడ్‌కు సోదర శాఖయిన కస్టమ్ కార్లలో, అంటే వేగం కోసం కాక అందం కోసం మలిచినవాటిలో, బారిస్ సోదరులు మలిచిన 1951 మెర్క్యురీ ‘హిరోహాటా మెర్క్’ దీనికి నిదర్శనం. 1959లో ఒక కుర్రవాడు 500 డాలర్లకు కొని జీవితాంతం ఉంచుకున్న ఆ కారు 2022 జనవరి వేలంలో దాదాపు 20 లక్షల డాలర్లు పలికింది. అటువంటి మెర్క్యురీ కార్లు ఎన్నో ఉన్నాయి. అటువంటి దాఖలా ఉన్నది అది ఒక్కటే.

ఈ వాదంలోని లోపం దాని ఫలితంలోనే కనబడుతుంది. 1940లలో కట్టిన కార్లలో నూటికి తొంభైతొమ్మిది ఏ పత్రికకూ ఎక్కలేదు, ఎవరూ ఫొటోలు దాచలేదు. ముఖచిత్రం దొరికినదే చరిత్ర అనుకుంటే, పత్రికల కార్యాలయాలకు దగ్గరగా ఉన్న లాస్ ఏంజిలిస్ కార్లు మాత్రమే చరిత్రలో నిలిచి, కాన్సాస్‌లోనో ఒహాయోలోనో కట్టినవి అనామకాలుగా మిగులుతాయి. ఈ సంగతి ఇప్పటికే చాలావరకు జరిగిపోయింది.

రెండోది కాలనిష్ఠ వాదం. కారు ఎప్పుడు కట్టారన్నది కాక, ఒక నిర్ణీత సంవత్సరం నాటి సామగ్రితో, ఆనాటి పద్ధతిలో కట్టారా లేదా అన్నదే దీనికి గీటురాయి. ఈ వర్గంవారు నిన్న పూర్తయిన కారునైనా 1949 నాటి కారులా ఉందని మెచ్చుకుంటారు. గడువు సంవత్సరం మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు: న్యూజెర్సీ సముద్రతీరంలో జరిగే ‘రేస్ ఆఫ్ జెంటిల్‌మెన్’ పందెం యుద్ధానికి ముందరి కార్లనూ ఫ్లాట్‌హెడ్ కాలపు సామగ్రినీ మాత్రమే అనుమతిస్తే, టెక్సాస్‌లోని లోన్ స్టార్ రౌండప్ ఆ గడువును 1960ల మొదటి దాకా పొడిగించింది. ఈ వాదానికున్న గొప్ప మేలు ఏమిటంటే నైపుణ్యం బతుకుతుంది. ఇరుసును కొలిమిలో కాల్చి వంచి కారు ముందుభాగాన్ని కిందికి దించడం, కప్పు స్తంభాలను కోసి ఎత్తు తగ్గించడం, సందులను సీసం కరిగించి పూడ్చడం చేత్తో చేసినవాడికే వస్తాయి. దీని బలహీనత అతి నిష్ఠ. 1940ల యువకుడు దొరికినదాన్నల్లా బిగించాడు, కారులో రెండు రకాల చక్రాలున్నా సిగ్గుపడలేదు; కాలనిష్ఠ పాటించే కారులో మాత్రం ప్రతి బోల్టూ సరైన ఏటిదే కావడంతో, అది ఆనాటి ఏ కారు కంటేనూ ఎక్కువ సంప్రదాయబద్ధంగా కనబడుతుంది.

మూడోది ప్రవాహవాదం. ఎడెల్‌బ్రాక్, హిల్‌బోర్న్‌ల తరం తమ కాలంలో దొరికిన అత్యంత ఆధునికమైన సామగ్రినే వాడిందనీ, కంప్యూటర్ నియంత్రించే నేటి ఇంజన్‌ను పాత ఫోర్డ్‌లో బిగించేవాడే వారికి నిజమైన వారసుడనీ ఈ వర్గం అంటుంది. తర్కంలో దీన్ని కాదనడం కష్టం. కాని సంప్రదాయం అనేది వేగం కోసం తపనలోనే ఉందనుకుంటే, 1932 ఫోర్డ్ ఆకారాన్ని పట్టుకు వేలాడవలసిన పని కూడా లేదు. అక్కడికి వచ్చేసరికి ఈ వాదం తడబడుతుంది. బాయిడ్ కాడింగ్టన్ వర్క్‌షాపు నుంచి 1980లలో వెలువడిన నున్నని కార్లు సాంకేతికంగా ఎంత కొత్తవైనా పాత ఆకారాన్ని వదులుకోలేకపోయాయి.

ర్యాట్ రాడ్ అనే నాలుగో ధోరణిని వాదమనడం కంటే తిరుగుబాటు అనడం మేలు. తుప్పు, అతుకులు, వెల్డింగ్ మచ్చలు దాచకుండా ప్రదర్శించే ఈ కార్లు ఖరీదైన కార్ల మీద ఎగతాళిగా మొదలై, తుప్పునే అలంకారంగా పూసుకునే దాకా వెళ్లాయి. ఇక్కడి నుంచే కృత్రిమ పాతదనం సమస్య పుట్టింది: కొత్త రేకుకు ఉప్పునీరూ ఆమ్లమూ పట్టించి, రంగును పొరలు పొరలుగా గీకి, మూతపడిన ఏదో గ్యారేజీ పేరు తలుపు మీద వెలిసిపోయినట్టు రాసి ఎనభై ఏళ్ల వయసు ఆపాదించడం ఇప్పుడొక హస్తకళ. చూసి ఆనందించడానికైతే తప్పులేదు. అమ్మకానికి పెట్టినప్పుడు మాత్రం అది అబద్ధపు సాక్ష్యం.

ఏ నాటి రూపం అసలుది

ఈ వాదాలన్నిటికీ పరీక్ష పునరుద్ధరణ దగ్గర ఎదురవుతుంది. బాబ్ మెగీ అనే యువకుడు యుద్ధానంతరం కట్టిన 1932 రోడ్‌స్టర్ 1948 అక్టోబరు ‘హాట్ రాడ్’ ముఖచిత్రానికెక్కింది. తరువాత అది డిక్ స్క్రిచ్‌ఫీల్డ్ చేతికి వెళ్లి, మెరిసే లోహపు రేణువులు కలిపిన మెటల్‌ఫ్లేక్ రంగు పూసుకుని, ఎన్నో చిత్రాల్లో కనిపించి, బోనవిల్‌లో గంటకు 167 మైళ్ల వేగం అందుకుంది. ప్రసిద్ధ సేకర్త బ్రూస్ మేయర్ దాన్ని కొన్నాక, సో-కాల్ స్పీడ్ షాప్ ఆ కారును 1948 నాటి రూపానికి తిరిగి తెచ్చింది. అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టరులోనూ దానికి స్థానం దక్కింది. ఫలితం అందంగానే ఉంది. అయినా బోనవిల్ రికార్డు సాధించిన దశాబ్దాల చరిత్ర ఆ కారు ఒంటి మీద ఇప్పుడు చదవడానికి దొరకదు. స్పెన్సర్ రోడ్‌స్టర్ విషయంలో మరో దారి తొక్కారు: 1940ల చివర అందాల పోటీకి తగ్గట్టున్న రూపాన్ని కాక, మెక్సికో మీదుగా సాగే సుదీర్ఘ రహదారి పందెం కోసం అతను దాన్ని ఎత్తుచేసి మార్చిన 1950ల రూపాన్ని ఎంచుకున్నారు. రెండు కార్లకు రెండు కొలతలు. రెండింటికీ సమర్థన ఉంది, వాటిని కలిపే సూత్రం మాత్రం లేదు.

కట్టడాల పరిరక్షణలో ఈ ప్రశ్న పాతదే. 1964 వెనిస్ ఒడంబడిక అన్ని కాలాల చేర్పులనూ గౌరవించమంది; 1994 నారా పత్రం ప్రామాణికతకు రూపం, పదార్థంతో పాటు వాడుక, సంప్రదాయం, స్ఫూర్తి కూడా ఆధారాలు కావచ్చంది. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా 2012లో ట్యూరిన్ ఒడంబడికతో ఆ ఆలోచనను వాహనాలకు అన్వయించింది. వాహనం వాడుకలో ఉన్న కాలంలోనే జరిగిన మార్పులను తరువాతి మార్పుల నుంచి వేరుచేసి చూసే పద్ధతి దాని వర్గీకరణలో ఉంది. హాట్ రాడ్ల వివాదానికి ఈ విభజన ఎంతో ఉపకరించేదే అయినా, అమెరికన్ వర్గాలు దాన్ని పట్టించుకున్నది తక్కువ.

న్యాయస్థానం, నమోదు కార్యాలయం

పదార్థం మారిపోయిన కారుకు పాత పేరు చెల్లుతుందా అన్న ప్రశ్నకు న్యాయస్థానం నుంచి వచ్చిన ప్రసిద్ధమైన జవాబు హాట్ రాడ్ గురించి కాదు, బెంట్లీ పందెపు కారు గురించి. 1929లోనూ 1930లోనూ ల మాన్ పందెం గెలిచిన ‘ఓల్డ్ నంబర్ వన్’లో కాలక్రమాన దాదాపు ప్రతి భాగమూ మారిపోయిందని, కొనడానికి ఒప్పుకున్నవాడు వెనక్కి తగ్గాడు. లండన్ హైకోర్టు 1990లో తీర్పు చెబుతూ, ఆ కారు యథాతథమైన మొదటి కారు కాదంటూనే, దాని చరిత్ర ఎక్కడా తెగకుండా సాగింది కనుక ఆ పేరుకు అదే హక్కుదారు అని తేల్చింది. భాగాలు మారడం నేరం కాదు, కథ తెగిపోవడమే లోటు అన్న ఈ దృష్టి హాట్ రాడ్లకు మరింత సూటిగా తగులుతుంది, ఎందుకంటే భాగాలు మార్చడమే వాటి పుట్టుక.

అమెరికా నమోదు వ్యవస్థ ఇంత సూక్ష్మంగా ఆలోచించదు. 1932 ఫోర్డ్ నంబరు ఫ్రేమ్ ఎడమ పట్టీ పైభాగాన, కొంత బాడీ కింద దాగే చోట, ముద్రించి ఉంటుంది; అనుభవజ్ఞుడైన కొనుగోలుదారు బాడీ ఎత్తించి ఆ అంకెలు చూడనిదే మాట ఇవ్వడు. కొత్త పట్టీల మీద కొత్త బాడీ పెట్టి, ఎక్కడో దొరికిన పాత యాజమాన్య పత్రం జోడించి 1932 కారుగా నమోదు చేయించుకునే అలవాటు వల్ల, కాగితం మీదున్న కార్ల సంఖ్యకూ నేల మీదున్న పాత కార్ల సంఖ్యకూ పొంతన పోయింది. కాలిఫోర్నియా 2001 చట్టంతో ప్రత్యేకంగా నిర్మించిన వాహనాలకు ఏడాదికి 500 చొప్పున పొగ నిబంధనల సడలింపు ఇచ్చింది. 2015 ఫెడరల్ చట్టం చిన్న తయారీదారులు ఏడాదికి 325 వరకు పాతకాలపు కార్ల ప్రతిరూపాలను అమ్ముకోవడానికి దారి తెరిచింది. నకలును నకలుగానే నమోదు చేసే ఇటువంటి మార్గాలు పెరిగేకొద్దీ అసలు కారుకు మేలే.

భారతీయ పాఠకుడికి పోలిక కోసం ఒక మాట. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం వింటేజ్ వాహనం అంటే మొదటి నమోదు నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో గాని బాడీలో గాని ఇంజన్‌లో గాని చెప్పుకోదగ్గ మార్పు లేకుండా అసలు రూపంలో ఉన్నది. ఈ నిర్వచనం కింద స్పెన్సర్ రోడ్‌స్టర్‌కు గాని మెగీ రోడ్‌స్టర్‌కు గాని వింటేజ్ నమోదు దక్కదు.

పోల్చి చూస్తే, తేలనివి

చరిత్రవాదానికి సాక్ష్యం కాగితం, కాలనిష్ఠకు సాక్ష్యం వస్తువు, ప్రవాహవాదానికి సాక్ష్యం ఉద్దేశం. మొదటిదాన్ని కల్పించడం కష్టం కాని అసాధ్యం కాదు. రెండోదాన్ని డబ్బు పెట్టి సమకూర్చుకోవచ్చు. మూడోదాన్ని పరీక్షించే సాధనమే లేదు. కొత్త ఉక్కు బాడీ రాక మొదటి వర్గానికి ఏ నష్టమూ చేయలేదు, మూడో వర్గానికి పట్టనే లేదు. ఇబ్బందిలో పడింది రెండో వర్గమే, ఎందుకంటే కొత్త రేకును పాత పద్ధతిలో మలిస్తే ఏమనాలో దాని దగ్గర జవాబు లేదు. ఈ సమీక్ష దృష్టిలో కారు అసలుదా నకిలీదా అన్న ఒక్కమాట తీర్పు కంటే, ఏ భాగం ఏ ఏటిది, ఏ మార్పు ఎప్పుడు ఎవరు చేశారు అన్న నిజాయితీ గల జాబితాయే ఎక్కువ పనికొస్తుంది. వేలం సంస్థలు ఇప్పటికీ ‘హెన్రీ ఉక్కు’ అన్న ఒక్క మాటతో పని గడిపేస్తున్నాయి. ఎంత శాతం ఉక్కు, ఎక్కడెక్కడి రేకు అని అడిగేవారు తక్కువ.

తరం మారడం వల్ల ధరలు ఏమవుతాయన్నది తేలవలసిన మరో సంగతి. యుద్ధానంతర తరం దాదాపుగా కనుమరుగైంది. వారి ఆల్బమ్‌లు కుటుంబాల అటకల మీద నుంచి కొన్ని మ్యూజియంలకు, కొన్ని చెత్తబుట్టలకు చేరుతున్నాయి. ఒక కారును గుర్తుపట్టగల చివరి సాక్షి పోయాక మిగిలేది ఫొటో మాత్రమే, ఆ ఫొటో వెనక పేరూ తేదీ రాసి ఉండకపోతే అదీ మాట్లాడదు.

అన్నిటికంటే ఇబ్బందికరమైన ప్రశ్న ఫైబర్‌గ్లాస్ కార్ల గురించి రాబోతోంది. 1950లలో నార్మ్ గ్రబౌస్కీ కట్టిన మోడల్ టి ఒక టీవీ ధారావాహికలో కనిపించి ఆ ఆకారానికి దేశమంతటా వెర్రి పుట్టించాక, రెజిన్ బాడీలతో వెలువడిన వందలాది చవక ‘టి బకెట్’ కార్లను సంప్రదాయవాదులు దశాబ్దాలుగా ప్లాస్టిక్ బొమ్మలని తీసిపారేస్తూ వచ్చారు. వాటిలో తొలివి ఇప్పుడు అరవై ఏళ్లు దాటినవి. ఇరవై ఏళ్ల యువకుడు, తన కాలపు చవక సామగ్రితో, తన గ్యారేజీలో కట్టుకున్న కారు అన్న నిర్వచనానికి అవి చరిత్రవాదుల ముఖచిత్రపు రోడ్‌స్టర్ల కంటే ఎక్కువగా సరిపోతాయి. మార్పు చేయని టి బకెట్ ఒకటి ఆనాటి రంగుతో, ఆనాటి చిరిగిన సీటుతో పెబుల్ బీచ్ పచ్చిక మీదికి వచ్చినప్పుడు నిర్ణేతలు దాన్ని ఏ తరగతిలో నిలబెడతారన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు.